పూతకొచ్చిన ముల్లంగి

అప్పుడే విత్తనాలు చల్లిన మడిలో ఆ కుర్రాడు బకెట్టెడు సబ్బునీళ్ళు పారబోశాడు. కింది గదిలో అద్దెకు దిగి ఒక పూటైనా కాలేదు. మేడమీంచి ఇంటివారమ్మాయి దిగొచ్చి, పనిచేసేది కళ్ళజోళ్ళ షాపులోనట, మరి కళ్ళు కనపడవా అని కడిగేసింది. మళ్ళీ ముల్లంగి విత్తడం, రోజూ నీళ్ళు పోయడం అతనికి శిక్ష. ఇంత తీపి శిక్ష ఎవరికి పడుతుంది చెప్పండి?

మొలకలొచ్చాయి. ఒత్తుగా ఉన్నచోట కొన్ని పీకేస్తేనే మిగతావి ఊరతాయని ఆమె చూపించింది. ఇద్దరూ మడి పక్కన గొంతుక్కూర్చున్నారు. సన్నగా తుంపర మొదలైనా ఎవరూ లేవలేదు. ఆమె జడ కొసకి మట్టి అంటింది. అది చూస్తూ చూస్తూ అతను పెళ్ళి మాట అడిగేశాడు. అడుగుతానని అతనికే తెలియదు.

ఆమె ఇంకో మొలక పీకి పక్కన పెట్టింది.

"ముల్లంగి ఊరనివ్వండి. మొదటి దుంప మీరే పీకి నా చేతికివ్వండి. అప్పుడు చెబుతాను."

దుంపలు ఊరాయి. మట్టిలోంచి తెల్లగా మెడలెత్తి చూశాయి. అతని చేయి మాత్రం మడిదాకా వెళ్ళి ఆగిపోయేది. కాదంటే? పొద్దున్నే నీళ్ళు పోస్తూ, ఆమె అవునన్నట్టు, ఈ పెరట్లో ఇద్దరూ ముసలివాళ్ళయినట్టు కలలు కంటూ నిలబడిపోయేవాడు. షాపుకి ఆలస్యమయ్యేది. వంటకి రెండు దుంపలిమ్మని ఆమె నాన్న అడిగినా, ఇంకాస్త ఊరాలండీ అని తప్పించుకున్నాడు. ఆలస్యం అమృతం విషం అని గొణిగాడాయన.

ఆమె కిందికి రావడం మానేసింది. ముల్లంగి కాడ వేసి పూతకొచ్చింది. లేత ఊదారంగు పూల చుట్టూ సీతాకోకచిలుకలు తిరుగుతుంటే, అంత అందంలోనూ అతనికి దిగులేసింది.

ఓ వాన సాయంత్రం ఆమె గొడుగేసుకుని వచ్చి అతనెదురుగా నిలబడింది.

"పూతొచ్చాక దుంపలో ఏం మిగులుతుంది? మనసు మారితే మారిందని చెప్పొచ్చుగా."

"మారలేదండీ. భయం. పీకితే మీరు కాదంటారేమోనని."

"నేను రోజూ కిటికీలోంచి చూస్తూనే ఉన్నా, ఇవాళైనా పీకుతారేమోనని."

అతను తడి మట్టిలో చేయి పెట్టి ఒకటి లాగాడు. కుళాయి కింద కడిగి ఇస్తూ, బెండుపట్టింది, తినకండి అన్నాడు. ఆమె వినలేదు. కొరికి మొహం చిట్లించింది. మళ్ళీ కొరికింది.

"అవును," అంది నములుతూ. "మొలకలు పీకిన రోజే నా జవాబు అవును. కాస్త బెట్టు చేద్దామని దుంప మీద పెట్టాను, బుద్ధి తక్కువై."

గొడుగు ఇద్దరికీ చాలక చెరో భుజం తడిసింది. అప్పుడు మేడమీది కిటికీలోంచి ఆమె నాన్న గొంతు వినిపించింది.

"ఒక్క దుంప పీకడానికి ఇన్నాళ్ళు పట్టింది నీకు. పెళ్ళి తారీఖు మాత్రం నేను పెడతాను బాబూ."