ఎడమ చేతి గోళ్లు

ఐస్‌లాండ్ చూడ్డానికి బస్సుల్లో వచ్చేవాళ్లకు, మా గొర్రెల పాకలో బెంచీలు వేసి, నాన్న ఆర్న్‌గ్రిమ్ ముప్ఫై వేసవులు పాత దేవుళ్ల కథలు చెప్పాడు. చివర్న ఎప్పుడూ ఓడ కథే. లోకం అంతమయ్యే రోజున చచ్చినవాళ్లు ఓడెక్కి వస్తారు. అది చెక్కతో కట్టింది కాదు. కత్తిరించకుండా పాతిపెట్టిన శవాల గోళ్లతో కట్టింది. ఆ మాట దగ్గర ఏ దేశంవాళ్లయినా ముందు నవ్వేవాళ్లు, తర్వాత తమ వేళ్లు చూసుకునేవాళ్లు.

అన్నయ్య హోగ్నీకి ఆ కథలు గిట్టవు. చేపలు పట్టి ఇల్లు నడిపింది తనైతే, పేరు నాన్నకు వచ్చిందని కోపం. నాలుగేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు.

డిసెంబరులో నాన్న పోయాడు. శవపేటిక పాకలోనే పెట్టాం. పొద్దున పది దాటినా చీకటే. తడి ఉన్ని, పేడ, కొత్త పైన్ చెక్క వాసన. మా ఇళ్లలో గోళ్లు కత్తిరించాకే పేటిక మూస్తారు. కుడి చేతివి అయిదూ తీశాను. ఎడమ చెయ్యి పట్టుకునేసరికి అన్నయ్య వచ్చాడు.

"నువ్వు కూడా ఆయన కథకు టికెట్టు కొన్నావేంట్రా?"

"ఒక్క చెయ్యే అన్నయ్యా. అయిపోతుంది."

"ఉండనీ. బతికుండగా నా పడవలో కాలు పెట్టలేదు. చచ్చాకైనా పెడతాడేమో చూద్దాం."

కత్తెర లాక్కుని మంచులోకి విసిరాడు. మూత వేసి మేకులు దిగ్గొట్టాడు. నేను అడ్డుపడలేదు.

సుత్తి ఆగింది. లోపల ఏదో గీరింది... ఎడమ వైపు. మెల్లగా... మళ్లీ.

"చలికి చెక్క బిగుసుకుంటోంది," అన్నాడు గుసగుసగా.

అయిదుసార్లు గీరి ఆగింది.

ఖననమైన మూడోనాడు అన్నయ్య వేటకు బయల్దేరాడు. రేవుకు వెళ్లి వద్దన్నాను. అతని చెక్క పడవలో ఉన్ని, పేడ, పైన్ వాసన వస్తోంది. చెబితే, చేపల కంపు తెలియనివాడికి ఏ వాసనైనా కొత్తేనని ఎగతాళి చేశాడు. వెళ్లాడు.

రెండ్రోజులకు పడవ దొరికింది. అన్నయ్య దొరకలేదు. ఆ రెండ్రోజులూ సముద్రం అద్దంలా ఉంది. పడవను ఒడ్డుకు లాగాక, గుర్తుపట్టడానికి నన్ను పిలిచారు.

ఎడమ వైపు, నీటి మట్టానికి కింద, ఒక పలక వేరుగా ఉంది. పసుపురంగు. దీపం పెడితే వెలుగు అవతలికి కనిపిస్తోంది. బొటనవేలితో నొక్కితే వంగి, మళ్లీ లేచింది. దాని అంచున వరసగా అయిదు నెలవంకలు.

దాని పక్కన ఉండాల్సిన పలక లేదు. చేతి వెడల్పు ఖాళీ. లోపల చుక్క నీరు లేదు.

నాతో ఉన్న రేవు అధికారి చేతి తొడుగు తీసి తన వేళ్లు చూసుకున్నాడు.

ఇంటికొచ్చి నా గోళ్లు పదీ మొదలంటా కత్తిరించుకున్నాను. పొద్దున లేచి చూస్తే కుడి చేతివి అలాగే ఉన్నాయి.

ఎడమ చేతివి పెరిగాయి.