రెండు వందల కిలోమీటర్ల సున్నా

“పొద్దుగాల్నుంచి నిలబడి నిలబడి నడుం ఇరిగింది. మన యావరేజ్ వెలాసిటీ సున్నా అంటరేంది సారూ?”

దీప్తి తన రైల్వే పరీక్ష గైడును నా ఒళ్లోకి విసిరింది. ఆమె మా బస్సు కండక్టర్. నేను డ్రైవర్ చంద్రమౌళిని. ములుగుకు రానూపోనూ రెండు ట్రిప్పులు కొట్టి, నాలుగింటికి హన్మకొండ బస్టాండ్‌లో ఖాళీ బస్సులో కూలబడ్డాం. బయట వాన. మాట్లాడే ఓపిక ఇద్దరికీ లేదు. అయినా ఆమె ఊరుకుంటేగా!

“ఎనిమిది గంటల్ల రెండొందల కిలోమీటర్లు తిరిగినం. యావరేజ్ స్పీడ్ ఇరవై అయిదు,” అన్నాను. “కానీ బయలెల్లిన జాగ నుంచి ఒక్క అడుగు సుత దూరం లేం. అందుకే యావరేజ్ వెలాసిటీ సున్నా.”

“స్పీడోమీటర్ల అరవై చూపెట్టింది గదా?”

“అది వట్టి స్పీడ్. ఎటు పోతాన్నమో మీటర్‌కేం ఎరుక? అరవైకి ములుగు దిక్కు కలిపితే వెలాసిటీ. వాపస్ వచ్చేటప్పుడు అదే అరవై, దిక్కు మారింది. అంటే వెలాసిటీ మారినట్టే.”

ఆమె కిటికీ వైపు తిరిగింది.

“రేపు నన్ను చూసుకునేటందుకు ఘన్‌పూర్ నుంచి వస్తాండ్రు.”

గైడు మూసేశాను. డిపోలో కండక్టర్లందరూ డ్రైవర్లను ‘అన్నా’ అంటారు. దీప్తి నన్ను ఒక్కసారీ అలా పిలవలేదు. ఆ ఆశతోనే రెండేళ్లు లాక్కొచ్చాను, నోరు మాత్రం విప్పలేదు.

“మంచిదే గదా,” అన్నాను. నన్ను చెప్పుతో కొట్టాలి!

“మంచిదా?” ఆమె కళ్లు ఎర్రబడ్డాయి. “నా డ్యూటీ మారితే మీరు సుత మార్పించుకుంటరు. చాయ్ తెస్తరు, గొడుగు తెస్తరు. గింత ఉరుకుతరు, ఎటు దిక్కో చెప్పరు. అలిసిపోయిన సారూ. ఇగ నాతోని కాదు.”

నిజం చెప్పొద్దూ, దాచి దాచి నేనూ అలిసిపోయాను.

“నువ్వంటే నాకు పానం దీప్తీ. నిన్నే చేసుకుంట. ఇన్ని రోజులు భయమయ్యి అడగలే.”

“ఏం భయం?”

“‘అన్నా’ అంటవేమోనని.”

ఆ రోజంతటిలో మొదటిసారి నవ్వింది, కళ్లు తుడుచుకుంటూనే. వెంటనే ఫోన్ కలిపి నా చేతిలో పెట్టింది. “మా బాపు. గిప్పుడే చెప్పుండ్రి.”

ఫోన్ చెవికి పెట్టుకున్నాను.

“నేను డ్రైవర్ చంద్రమౌళిని. మీ బిడ్డను నేను చేసుకుంట. రేపటోళ్లను జర...”

అటువైపు పెద్దాయన నిట్టూర్చాడు.

“నీ పేరు ఇంట్ల రోజూ వింటనే ఉన్న పిలగా. వాళ్లు పదింటికొస్తరు. మీ అమ్మను తోలుకొని నువ్వు తొమ్మిదింటికే రా.”