కిటికీ పక్క సీటుకి కొలతలు

నాలుగున్నరేళ్ళ పిల్లని తొమ్మిది గంటలు రైల్లో ఊరుకోబెట్టడం కంటే నలభై జతల బడి యూనిఫారాలు ఒక్క రాత్రిలో కుట్టడం తేలిక. నేను దర్జీని, రెండూ చేసి చూశాను కాబట్టి చెబుతున్నాను.

మా ఆవిడకి వేరే ఊళ్ళో ఆసుపత్రి ఉద్యోగం వచ్చి అప్పటికి నాలుగు నెలలు. పిల్ల నా దగ్గరే ఉండేది. దాన్ని తల్లి దగ్గరికి చేర్చాల్సిన రోజు వచ్చింది. "మీకు సూదిలో దారం ఎక్కించే ఓపికుంది గానీ, పిల్లతో పది నిమిషాలు కూర్చునే ఓపిక లేదు. మీరెటో చూస్తూ ఉంటారు, అది ఎటో పోతుంది," అంది మా ఆవిడ ఫోన్లో. నాకు ఒళ్ళు మండింది. "సాయంత్రం ఆరింటికి నీ పిల్లని నీ చేతుల్లో పెడతాను, చూసుకో," అన్నాను.

మా పిల్లని అందరూ పిచ్చిక అంటారు. కొత్త గౌను వేసి ఎక్కించాను. పసుపు గుడ్డ, మెడ చుట్టూ ఎర్ర కుచ్చులు. మిగిలిపోయిన ముక్కలతో నేనే కుట్టాను, మళ్ళీ ఇంకోటి కుడదామన్నా గుడ్డ లేదు.

బొమ్మల పుస్తకం అరగంటలో చిరిగింది. బిస్కెట్లతో ఇరవై నిమిషాలు ఆడుకుంది, తినలేదు. కిటికీలోంచి స్తంభాలు లెక్కపెట్టమంటే పది దాకా లెక్కపెట్టి, "మిగతావి నువ్వు లెక్కపెట్టు నాన్నా," అంది. గంట పదకొండు కాకుండానే నా బుర్ర వేడెక్కింది.

ఎదురు సీట్లో ఒక పెద్దావిడ ఉంది. రిటైరైన టీచరమ్మనని తనే చెప్పింది. మేము దిగే ఊరు దాటి ఇంకా చాలా దూరం వెళ్ళాలట. కిటికీ పక్క చోటు ఖాళీగా ఉన్నా అటు జరగదు. సంచీ కూడా అక్కడ పెట్టకుండా ఒళ్ళోనే పెట్టుకుంది. చూపు మాత్రం మా పిచ్చిక మీదే. ఆ చూపు నాకు నచ్చలేదు. పిల్లల్ని మాయం చేసేవాళ్ళ గురించి మనం వినే కథలు తక్కువా?

చివరికి జేబులోంచి టేపు తీశాను. పిచ్చిక మొహం వెలిగిపోయింది. మా కొట్లో కత్తెర తర్వాత నేను దాన్ని ముట్టుకోనివ్వని వస్తువు అదే మరి. సంచీ కొలిచింది, చెప్పు కొలిచింది, నా ముక్కు కొలిచింది. నేను కొలతల పుస్తకం తీసి బుద్ధిగా రాశాను.

"నాన్నా, కస్టమరొచ్చాడు," అంది ఎదుటి ఖాళీ చోటు చూపించి.

"రండి సార్, కూర్చోండి," అన్నాను. ఆట కదా.

సీటెక్కి నిలబడి, నేను చేసినట్టే టేపు అటూ ఇటూ చాపి, బొటనవేలు నొక్కిపెట్టి తెచ్చి చూపించింది. చదివి రాశాను. భుజం పద్దెనిమిది. ఛాతీ నలభై. చెయ్యి ఇరవై నాలుగు.

"సార్‌కి ఏం కుట్టాలంట?"

పిచ్చిక చెవి ఆనించి విన్నట్టు నటించింది. "గౌను కావాలంట."

పగలబడి నవ్వాను. "నలభై ఛాతీకి గౌనేంటమ్మా? ఎవరి ఆదికి?" కొలత కోసం తెచ్చే పాత బట్టని మా కొట్లో ఆది అంటాం. ఆ మాట దానికి బాగా తెలుసు.

"నా ఆదికంట."

"ఎప్పటికి కావాలంట?"

"సాయంత్రానికంట."

దర్జీకి నాలుక చివర ఎప్పుడూ ఉండే మాట ఒకటుంది. గుడ్డ కత్తిరించకపోయినా, మిషన్ పాడైనా, అది మాత్రం ఆగదు. "తప్పకుండా సార్. సాయంత్రానికి రెడీ!" అనేశాను.

టీచరమ్మ తలెత్తి నా వైపు అదోలా చూసింది.

మొదటి సొరంగం వచ్చింది. పెట్టెలో లైట్లు ఒకసారి మిణుకుమని వెలిగాయి. బయటికి వచ్చేసరికి ఏదో వాసన. ఏళ్ళ తరబడి ట్రంకు పెట్టెలో మగ్గిన బట్టల వాసన.

"నాన్నా, మళ్ళీ కొలవమంటున్నాడు."

భుజం పద్నాలుగు. ఛాతీ ముప్పై ఒకటి. చెయ్యి పద్దెనిమిది.

రాస్తూ రాస్తూ ఆగాను. పిల్ల ఇష్టమొచ్చిన చోట వేలు పెడితే అంకెలు ఇలా రావు. భుజానికీ ఛాతీకీ ఒక లెక్క ఉంటుంది. పాతికేళ్ళుగా రాస్తున్నాను, నాకు తెలుసు. ఇవి నిజం మనిషి కొలతలు. ఇందాకటివీ అంతే. కాకపోతే ఆ మనిషి ఇప్పుడు చిన్నవాడయ్యాడు.

పిల్లకి ఎవరో చెప్పి చేయిస్తున్నారనుకున్నాను. ఇంకెవరు, ఆవిడే. "మా పిల్లకేమైనా సైగలు చేస్తున్నారాండీ?" అన్నాను కాస్త కటువుగానే.

ఆవిడ నొచ్చుకోలేదు. ముందుకి వంగి గుసగుసగా అంది. "బాబూ, ముప్పై ఏళ్ళు పిల్లలతో వేగాను. పిల్లలు ఉత్తుత్తి ఆట ఆడితే మధ్యలో మన మొహం చూస్తారు, నమ్మామా లేదా అని. మీ అమ్మాయి మీ వైపు చూడటం లేదు. అక్కడే చూస్తోంది. ఆ ఆట ఆపించెయ్ బాబూ."

"మరి మీరెందుకు అటు జరగలేదు?"

"ఏమో. ఎక్కినప్పటి నుంచీ ఎందుకో జరగబుద్ధి కాలేదు."

ఆ జవాబుతో నా అనుమానం ఇంకాస్త బలపడింది. పిల్లని నా వైపు లాక్కున్నాను. టేపు మాత్రం వదలనంది. ఏడుస్తుందేమోనని ఊరుకున్నాను.

రెండో సొరంగం. ఈసారి లైట్లు వెలగలేదు. వెలుతురు వచ్చేసరికి పిచ్చిక నా పక్కన లేదు. ఎదుటి సీటెక్కి నిలబడి ఉంది.

పుస్తకం మూసేశాను. పిల్లనే చూశాను. టేపు ఒక కొస దాని చేతిలో ఉంది. రెండో కొస... గాలిలో ఉంది.

రైలు ఊగుతోంది. పిల్ల ఊగుతోంది. టేపు ఊగడం లేదు. అవతల ఎవరో పట్టుకున్నట్టు బిగిసి, తిన్నగా ఉంది.

"భుజం ఎంత నాన్నా? చదువు."

పది. మా పిచ్చికది తొమ్మిదిన్నర.

టేపు పట్టి గుంజాను. అవతలి నుంచి కూడా గుంజారు. ఒక్క క్షణం. తర్వాత మెల్లిగా... మర్యాదగా వదిలారు.

"కొట్టు కట్టేశాం సార్," అన్నాను ఖాళీ సీటుతో. "ఈ బేరం కుదరదు. వెళ్ళిపోండి."

పిచ్చిక బిక్కమొహం వేసింది. "వద్దంటే వింటల్లేదు నాన్నా. నువ్వు సరే అన్నావంట. సాయంత్రం అయిపోయిందంట."

కిటికీ బయట ఎండ ఎర్రబడింది. ఇంకో పావుగంటలో మేము దిగే ఊరు. పిల్లని తీసుకుని తలుపు దగ్గరికి పోదామని, సీటు కింద సంచీ కోసం వంగాను. దాని చెయ్యి నేను వదిలింది అప్పుడే. ఒక్క క్షణమే.

మూడో సొరంగం.

చీకటి. నా చెయ్యి నాకు కనబడలేదు. ఆ మగ్గిన వాసన మొహం మీదికొచ్చింది. సీటు మీద ఏదో పక్కకి జరిగిన చప్పుడు... గుడ్డ గుడ్డకి రాసుకున్నట్టు.

"నాన్నా," అని పిలిచింది. ఎటునుంచి పిలిచిందో తెలియలేదు. చేతులు చాపాను. మెడ కుచ్చులు వేళ్ళకి తగిలాయి. నేను కుట్టిన కుచ్చులే. ఎత్తి గుండెకి అదుముకుని, సీట్లు తడుముకుంటూ తలుపు వైపు నడిచాను.

"బాబూ! ఆగు బాబూ! పిల్ల..." వెనక టీచరమ్మ కేక. మిగతాది రైలు మోతలో కలిసిపోయింది.

నేను ఆగలేదు. ఆవిడని నేను నమ్మలేదు.

సొరంగం దాటాక పిల్ల మొహం చూశాను. మా పిచ్చికే. అదే ముక్కు, గడ్డం కింద అదే పుట్టుమచ్చ. నా భుజం మీద తల వాల్చి ఊరుకుంది. తొమ్మిది గంటల్లో మొదటిసారి ఏమీ అడగలేదు. ప్రాణం లేచొచ్చింది. దేవుడికి దండం పెట్టుకున్నాను.

ప్లాట్‌ఫాం మీద మా ఆవిడ పరుగున వచ్చి పిల్లని అందుకుంది. ముద్దుల మీద ముద్దులు పెట్టింది. కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "మాట నిలబెట్టుకున్నారే! ఇంత బుద్ధిగా ఎలా తయారుచేశారండీ దీన్ని?"

నాకు గర్వంగా అనిపించింది. నిజం చెప్పాలిగా, ఆ ఒక్క నిమిషం చాలా గర్వంగా అనిపించింది.

రైలు కదిలింది. ఎవరో అద్దం మీద బాదుతున్నారు. తిరిగి చూశాను. మా పెట్టే. టీచరమ్మ రెండు చేతులతో కిటికీ బాదుతోంది. ఏదో అరుస్తోంది, వినబడటం లేదు. పక్కకి చూపిస్తోంది.

పక్కన, అద్దానికి మొహం ఆనించి ఒక పిల్ల ఏడుస్తోంది.

పసుపు గౌను. మెడ చుట్టూ ఎర్ర కుచ్చులు.

అలాంటిది నేను ఒక్కటే కుట్టాను.

కాళ్ళు వాటంతటవే పరుగెత్తాయి. నాలుగడుగులు. రైలు వేగం అందుకుంది. కిటికీలన్నీ ఒకటే గీతలా అయిపోయాయి.

"ఏమైందండీ? ఏం మర్చిపోయారు?" మా ఆవిడ వెనక నుంచి అడుగుతోంది.

తిరిగి చూశాను. మా ఆవిడ చంకలో పిల్ల నా వైపే చూస్తోంది.

"పోనీలే నాన్నా," అంది.

అంటూనే చిన్న చెయ్యి చాపి, తల్లి భుజాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా, తొందరపడకుండా, జానలతో కొలుస్తోంది.