లిస్టులో రాయని కుర్చీ

"కలలరాణీ! ఓ కలలరాణీ! ఈ కుర్చీ లిస్టులో ఉందా, లేదా?"

లారీ పక్కన నిలబడి మేస్త్రి అరుస్తున్నాడు. నా అసలు పేరు ఆయనకి తెలుసు, కానీ ఏనాడూ పిలవడు. ఆఫీసు కిటికీలోంచి మబ్బుల్ని చూస్తూ ఫైళ్ళ మీద రెండుసార్లు టీ ఒలకబోశాను. అప్పట్నుంచీ ఇదే పేరు.

"లేదు బాబాయ్. మర్చిపోయాను," అన్నాను.

అబద్ధం. మర్చిపోలేదు.

మాది మునిసిపాలిటీలో ఇళ్ళ తనిఖీ సెక్షను. రోడ్డు మీదికి కనబడేలా ఇంటి ముందు పాత సామాను పోగెయ్యకూడదు. నోటీసు ఇచ్చిన పది రోజుల్లో తియ్యకపోతే మేమే వచ్చి లారీకెత్తేస్తాం. లిస్టు రాయడం నా పని. లిస్టులో ఉన్నదే ఎత్తాలి, లేనిది పుల్ల ముక్కైనా ముట్టుకోకూడదు. ఒకసారి ఎవరిదో పనిచేసే కుట్టుమిషను పొరపాటున ఎత్తేసినందుకు మేస్త్రి మూడు నెలలు ఇంట్లో కూర్చున్నాడు. అప్పట్నుంచీ లిస్టంటే ఆయనకి దేవుడి వాక్కే.

ఈ ఇంట్లో బామ్మగారు ఒక్కరే ఉంటారు. పది రోజుల క్రితం లిస్టు రాయడానికి వచ్చినప్పుడు ముందు జాగా అంతా సామానే. తలుపుల్లేని బీరువా, గట్టిపడి రాళ్ళైపోయిన సిమెంటు బస్తాలు, మూడు ఇనప మంచాలు, టైర్లు. వాటన్నిటి వెనక, బీరువా కింద, గోడకానుకుని ఒక చేతుల కుర్చీ. అన్నిటి మీదా వేలు మందాన దుమ్ముంది. కుర్చీ చేతులు మాత్రం నున్నగా మెరుస్తున్నాయి, రోజూ ఎవరివో అరచేతులు ఆనుతున్నట్టు.

"మీ వారిదా బామ్మగారూ?" అనడిగాను.

ఆవిడ నావైపు చూడలేదు. కుర్చీ వైపే చూస్తూ తలూపింది. "అవును, మా ఆయనదే. ముందు దాన్నే రాయి తల్లీ," అంది, గొంతు బాగా తగ్గించి.

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పైకి వద్దంటోంది కానీ లోపల ఎంత ప్రేమో అనుకున్నాను. పోయినాయన కూర్చున్న చోటు పోతే ఈవిడ ఏమైపోవాలి? అందుకే రాయలేదు. ఆవిడ చదవకుండానే సంతకం పెట్టింది. వారం రోజులు నా మంచితనానికి నేనే మురిసిపోయాను.

"ఇదేం సర్దడం రా నాయనా," అంటూ మేస్త్రి నవ్వాడు. "బీరువాని తెచ్చి కుర్చీ ఒళ్ళో కూర్చోబెట్టారు!"

బీరువా తీశారు. దాని మీదున్న ఆరు బస్తాలూ అప్పటికే తీశారు. చివరి బరువు లేచిపోగానే కుర్చీ కిర్రుమంది. పొద్దున్నుంచీ కదలకుండా కూర్చున్న మనిషి ఒళ్ళు విరుచుకున్నట్టు.

అప్పుడే బామ్మగారు చీపురుతో బయటికొచ్చింది. ఖాళీ అయిన జాగాని చూసింది, ఆ తర్వాత కుర్చీని చూసింది. చేతిలో చీపురు జారి పడిపోయింది.

"అది... అది తీసుకెళ్ళలేదేం?"

"లిస్టులో లేదమ్మా," అన్నాడు మేస్త్రి.

"ఇప్పుడు రాసేస్తాను బాబాయ్!" అన్నాను.

"ముద్ర పడ్డ కాగితం మీద రాస్తావా? కొత్త నోటీసు, మళ్ళీ పది రోజులు. రూలు రూలే కదమ్మా."

లారీ వెళ్ళిపోయింది. జాగా శుభ్రమైందని బామ్మగారి సంతకం తీసుకోవాలి, అందుకని నేను ఆగాను. సాయంత్రం నాలుగున్నరే అయినా నల్లటి మబ్బు కమ్మేసింది. తడి తుప్పు వాసన, దానిలో కలిసి ఎక్కడినుంచో చెమట పట్టిన మగ చొక్కా వాసన వచ్చింది.

బామ్మగారు నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ వేళ్ళు మంచులా ఉన్నాయి.

"ఆ సామానంతా పోగెయ్యడానికి పదకొండేళ్ళు పట్టింది," అంది గుసగుసగా. "వీధివీధీ తిరిగి ఒక్కొక్కటే లాక్కొచ్చాను. పిచ్చిదాన్నని అందరూ నవ్వారు. మీద బరువుంటే లేవడు. లేస్తే ఇంట్లోకొస్తాడు. కుర్చీ పోతే అతనూ పోతాడనేగా ముందు దాన్నే రాయమన్నాను!"

"నేను... కావాలనే రాయలేదు బామ్మగారూ. మీకది ఇష్టమనుకున్నాను."

ఆవిడ నా చెయ్యి వదిలేసింది. తిట్టినా బాగుండేది.

"పట్టండి, మనమే రోడ్డు మీద పడేద్దాం," అన్నాను. ఇద్దరం వెళ్ళి చెరోవైపూ పట్టుకున్నాం. చెక్క కుర్చీ, మహా అయితే పది కిలోలుంటుంది. ఎత్తబోయాం. అంగుళం కూడా లేవలేదు.

నా చేతి కింద చెక్క... వెచ్చగా ఉంది.

ఒక్క పరుగున ఇంట్లోకొచ్చి గడియ పెట్టుకున్నాం. గేటుకి వెళ్ళాలంటే ఆ కుర్చీ పక్కనుంచే వెళ్ళాలి. వెనక వైపు ఎత్తు గోడే కానీ తలుపు లేదు. మేస్త్రికి ఫోన్ చేశాను. రింగవుతోంది... రింగవుతూనే ఉంది... లారీ చప్పుడులో వినబడి ఉండదు.

వాన మొదలైంది. కిటికీలోంచి చూశాను. జాగా అంతా తడుస్తోంది. కుర్చీ చేతుల మీద చినుకులు పడుతున్నాయి. సీటు మాత్రం పొడిగా ఉంది.

కిర్రు...

కిర్రు...

ఆగిపోయింది.

చూస్తుండగానే సీటు మీద మొదటి చినుకు పడింది. తర్వాత రెండోది. నిమిషంలో సీటంతా తడిసి నల్లబడింది.

"లేచాడు," అంది బామ్మగారు.

వసారాలో అడుగుల చప్పుడు. తొందర లేదు. ఏళ్ళ తరబడి కూర్చుని కాళ్ళు తిమ్మిరెక్కిన మనిషి నడకలా ఉంది. ఒకటి... ఆగింది. ఇంకొకటి... తలుపు కింద సందులోంచి ఆ చొక్కా వాసన లోపలికొచ్చింది. గడియ చిన్నగా కదిలింది.

చదివిన కథలూ, చూసిన సినిమాలూ, ప్రేమకి చావు లేదని నమ్మినవన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. వాటినే పట్టుకుని వేలాడాను.

"భయపడకండి బామ్మగారూ," అన్నాను, పళ్ళు టకటకమంటుంటే. "ఎంతైనా మీ వారే కదా. మిమ్మల్ని ప్రేమించినాయనే కదా. మిమ్మల్నేం చేస్తారు? పేరు పెట్టి పిలవండి... మంచిగా చెప్పండి... వింటారు."

ఆవిడ నా ముఖంలోకి చూసింది. ఆ చూపులో నా మీద జాలి ఉంది.

"నేను ఈ ఇంటికి అద్దెకొచ్చిన రోజుకే ఆ కుర్చీ అక్కడుంది," అంది. "ఎవరిదని అందరూ అడుగుతుంటే మా ఆయనదని చెప్పేదాన్ని. అలా అంటే అతను కూడా ఊరుకుంటాడేమోనని..."

గడియ సగం దాకా జరిగింది.

"నాకసలు పెళ్ళే కాలేదు తల్లీ. అతనెవరో నాకు తెలీదు."