తగరానికి మొలిచిన మీసం

భూతద్దం కింద ఉన్నది వెంట్రుక అనుకుంది పెయ్‌లాన్.

"మీసం," అన్నాడు గూఢచారి విభాగం చీఫ్ కాంగ్. "తగరానికి మొలిచింది. పక్క తీగకి తగిలింది. షార్ట్ సర్క్యూట్. హెలికాప్టర్ సముద్రంలో పడింది."

తగరం పూత పూసిన భాగాలను వెంటనే ఓవెన్‌లో కాల్చాలి. అప్పుడు పూతలో బిగువు సడలి మీసాలు మొలవవు. సిన్‌చూ నగరంలోని ఆ ఫ్యాక్టరీలో ఎవరో కాల్చనివ్వడం లేదు. వెనక విదేశీ ముఠా ఉంది. ఇవాళ మరో బ్యాచ్ ఓవెన్‌లో ఉంది. బయటికి రాగానే మెషీన్ వార్నిష్ పూసేస్తుంది. ఇక అది కాలిందో లేదో ఎవరూ చెప్పలేరు.

"ఎవరికి వెళుతోంది?"

కాంగ్ కళ్లు దించుకున్నాడు. "మీ యూషిన్ వాళ్ల దళానికే."

యూషిన్ ఆమె కూతురు. హెలికాప్టర్‌లోంచి తాడు పట్టుకుని, మునిగేవాళ్ల కోసం దిగే పిల్ల. పొద్దున గుమ్మం దాటుతుంటే గొడుగు వంక పెట్టి వెనక్కి పిలిచింది పెయ్‌లాన్. భర్త చివరిసారి గుమ్మం దాటినప్పుడు వెనక్కి పిలవలేదు, వీపే గుర్తు మిగిలింది. అప్పట్నుంచీ ఎవరినీ ఒకసారి వెనక్కి తిప్పి ముఖం చూడకుండా పంపలేదు.

సేఫ్టీ ఇన్‌స్పెక్టర్ వేషంలో, నెరిసిన విగ్గుతో ఫ్యాక్టరీలో అడుగుపెట్టింది.

"బయట గాలి ఎలా ఉంది?" పట్టు స్కార్ఫ్ సర్దుకుంటూ అడిగింది ఒక అందగత్తె.

"టోపీ ఎగిరిపోయింది."

కోడ్ కలిసింది. ఆమె మాన్‌యింగ్. పైకి క్వాలిటీ మేనేజర్, లోపల పెయ్‌లాన్ విభాగానికి ఏజెంట్. ఫైలు ప్రకారం సొంతూరు ఇదే దేశంలోని తాయినాన్. ప్రతి పుట్టినరోజుకీ ఇద్దరూ కలిసి నూడుల్స్ తినేవారు.

"ల్యావ్ మీద కన్నేసి ఉంచక్కా," అని గొణిగింది.

ల్యావ్ ఓవెన్ ఆపరేటర్. అతను మాత్రం ఇన్‌స్పెక్టర్లంటే తనకున్న చిరాకంతా వెళ్లగక్కాడు. మీటర్ నూటయాభై డిగ్రీలు చూపిస్తోందని, చలికాలంలో ఆ ఓవెన్ పైరేకు మీదే చేతులు కాచుకుంటానని చెప్పాడు. రేకు మీద ఆకుపచ్చ కొబ్బరి పఫ్స్ పొట్లం ఉంది. మెషీన్ బుద్ధిగా ఉండాలని ఈ దేశంలో ప్రతి మెషీన్ మీదా పెట్టే నైవేద్యం అది. గడువు తేదీ దాటకముందే తనే మారుస్తాడట. చెప్పి, ట్రాలీ తేవడానికి వెళ్లాడు.

మాన్‌యింగ్ కబుర్లు చెబుతూనే చెయ్యి చాచి ఆ పొట్లం తీసి చింపింది. ఒకటి నోట్లో వేసుకుని, ఇంకొకటి పెయ్‌లాన్ చేతిలో పెట్టింది.

"తిను అక్కా. పొద్దున్నుంచీ ఏమీ తినుండవు."

పెయ్‌లాన్ చెయ్యి అలాగే ఆగిపోయింది. ఇక్కడ పుట్టిన పిల్లలు ఏడ్చి గోల చేసినా మెషీన్ మీది పొట్లం అడగరు. తాయినాన్ పిల్లా తినేది?

పైగా చేతులు కాచుకునే రేకు మీంచి తీసిన పఫ్ చల్లగా ఉంది.

గంట మోగింది. తలుపు మీద పచ్చదీపం వెలిగింది. అవతల వార్నిష్ మెషీన్ కదిలింది. పెయ్‌లాన్ జడపిన్ను లాగి తలుపు సందులో గుచ్చింది. అది థర్మామీటర్. మీటర్‌లో నూటయాభై, పిన్నులో అరవై.

స్టాప్ బటన్ మీద అరచేత్తో కొట్టింది. వార్నిష్ గొట్టం ట్రే అంచున ఒక చుక్క కార్చి ఆగిపోయింది.

మాన్‌యింగ్ చేతిలో లిప్‌స్టిక్. దాని కొసన సూది.

"పక్కకి జరుగు అక్కా. నిన్ను చంపడం నాకిష్టం లేదు."

ట్రాలీ వచ్చి మాన్‌యింగ్ మోకాళ్లకి గుద్దుకుంది. లిప్‌స్టిక్ ఎగిరిపడింది. ట్రాలీ వెనక ల్యావ్. అతని చూపు సూది మీద లేదు, చిరిగిన పొట్లం మీద ఉంది.

బేడీలు పడ్డాక మాన్‌యింగ్ అడిగింది, ఎలా తెలిసిందని.

"నీ ఊరు తాయినాన్ అని ఫైలుకి తెలుసు. నీ ఆకలికి తెలీదు."

తీసుకుపోతున్నారు. వీపు కనిపించింది.

"మాన్‌యింగ్," అంది పెయ్‌లాన్, ఆగలేక. "స్కార్ఫ్ జారుతోంది."

ఆమె వెనక్కి తిరిగి చూసింది. స్కార్ఫ్ సరిగ్గానే ఉంది.

బ్యాచ్ మొత్తం తుక్కు కింద పోయింది. ల్యావ్ ఇంకా సణుగుతూనే ఉన్నాడు. గూఢచారి అయితే అయింది, తినడానికి ఇదే దొరికిందా అని. జేబులోంచి కొత్త పొట్లం తీసి, గడువు తేదీ చూసి, రేకు మీద నిలబెట్టాడు.

పెయ్‌లాన్ విగ్గు తీసి అడిగింది.

"హెలికాప్టర్‌కి ఒకటి సరిపోతుందా, రెండు పెట్టాలా?"