మూలిగే బండ

రాయి మూలగడం మీలో ఎవరైనా విన్నారర్రా?

నవ్వకండి. వినలేదు కదా. నేనూ వినలేదు. కానీ కొండల్లో డుంబ్రిగుడ అనే ఊరికి అవతల, కాఫీ తోటలు అయిపోయి కొండ నిటారుగా లేచే చోట ఒక బండ ఉంది. మంచమంత వెడల్పు, నడుమంత ఎత్తు. పర్యాటకుల్ని తిప్పే జీపు డ్రైవర్లు దాన్ని మూలిగే బండ అంటారు. అర్ధరాత్రి కొండ మీద నుంచి ఒక దీపం దిగి వస్తుందట... ఆ బండ దగ్గరికి రాగానే ఆరిపోతుందట... అప్పుడు మూలుగు వినిపిస్తుందట. ఒక్కోసారి ఆడమనిషిలా, ఒక్కోసారి ముసలివాడిలా. కాసేపటికి దీపం మళ్లీ వెలిగి, కిందికి పోతుందట.

డ్రైవర్లు చెప్పగా, అక్కడ టెంట్లు వేసి అద్దెకిచ్చే టెంట్లవాళ్లు నమ్మారు. టెంట్లవాళ్లు చెప్పగా పట్నాల నుంచి వచ్చినవాళ్లు నమ్మారు. ఆ కొండ మీద కాపురముండే మనుషుల్ని అడుగుదామని మాత్రం ఒక్కడికీ తోచలేదు!

సరే, కథలోకి వద్దాం. నేను విన్నది విన్నట్టు చెబుతాను.

విజయనగరంలో సాయిదుర్గ అని ఒక పిల్ల ఉంది. రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం. పగలంతా గాజు పలకల మీద రక్తం చుక్కలు చూసి చూసి, సెలవొస్తే కెమెరా పట్టుకుని కొండలెక్కేది. రాత్రి ఆకాశాన్ని ఫొటో తియ్యడం ఆ పిల్లకి పిచ్చి. ఉన్నదాన్ని ఉన్నట్టు తీస్తుంది, ఒక్క చుక్క కలపదు, ఒక్క చుక్క చెరపదు. ఫొటోల క్లబ్బులో ఆ పిల్లకున్న పేరు అదొక్కటే.

జనవరిలో, సగం చంద్రుడున్న రాత్రి, ఆ బండ దగ్గర కెమెరా నిలబెట్టింది. తెల్లార్లూ దానంతటదే ఫొటోలు తీసుకునేలా అమర్చింది. ఒక్కో ఫొటోకి ఇరవయ్యైదు సెకన్లు. చలి ఎముకలు కొరుకుతోంది. కాఫీ తోట దగ్గర నిలిపిన జీపులోకి దిగివచ్చి, అద్దాలు ఎత్తుకుని, దుప్పటి ముసుగేసుకుని పడుకుంది. ముందు సీట్లో డ్రైవరు రవిబాబు.

పొద్దున్న చూసుకుంటే ఎనిమిది వందల ఫొటోలు. ఆకాశం, చుక్కలు, బండ. ఆకాశం, చుక్కలు, బండ. ఒక్కొక్కటే చూస్తూ చూస్తూ... ఆగిపోయింది.

ఒక ఫొటోలో కొండ మీద నుంచి బండ దాకా నిప్పుతీగలాంటి గీత.

తర్వాతి ఫొటోలో — బండ మీద ఒక ఆడది. తెల్లబట్ట చుట్టుకుని, రాతికి ఆనుకుని, ఒక్కతే. చుట్టూ మనిషన్నవాడు లేడు. ఆమె ఒంటిలోంచి వెనకాల రాతి చారలు కనిపిస్తున్నాయి.

ఆ తర్వాతి ఫొటోలో బండ నుంచి కిందికి ఇంకో నిప్పుతీగ. ఆడది లేదు.

భయమేసి సాయిదుర్గ తెర ఆర్పేసి, మళ్లీ వెలిగించి చూసింది. మూడు ఫొటోలూ ఉన్నవి ఉన్నట్టు క్లబ్బు గ్రూపులో పెట్టింది.

ఆ క్లబ్బులో ధర్మతేజ అని ఒక పెద్దమనిషి. పెద్దమనిషంటే వయసుకి కాదు, నోటికి. "ఎడిటింగ్ బాగా కుదిరింది మేడమ్! ఆ తెల్లచీర మీ అమ్మగారిదా?" అని రాశాడు. దాని కింద నవ్వే బొమ్మలు అరవై. సాయంత్రానికల్లా, వచ్చే నెల ప్రదర్శనలోంచి ఆ పిల్ల ఫొటోలన్నీ తీసేశారు. దొంగ ఫొటో ఒకటి పెట్టినవాళ్లు మిగతావి నిజంగా తీశారని నమ్మకమేమిటి అన్నారు. మరోపక్క ఆ ఫొటో ఊళ్లమీద పడింది. దయ్యం గొంతు తగిలించి, ఏడుపు సంగీతం పెట్టి వీడియోలు చేశారు.

సాయిదుర్గకి భయం పోయింది. కోపం వచ్చింది. ఎలాంటి కోపమనుకున్నారు? అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగని కోపం. "మళ్లీ వెళ్తాను. ఈసారి దాని మొహం కనబడేలా తెస్తాను. తేలేకపోతే కెమెరా ముట్టను" అని గ్రూపులో రాసింది. "దెయ్యానికి పౌడరు రాయడం మర్చిపోకండి" అని ధర్మతేజ.

ఆ కోపంతోనే విశాఖపట్నంలో లెన్సులు అద్దెకిచ్చే అప్పన్న దగ్గరికి పోయింది. అప్పన్న నెత్తి నెరిసిన మనిషి. ఫొటో చూశాడు, ఆ పిల్ల మొహం చూశాడు.

"ఏటమ్మా, దెయ్యాన్ని పట్టీడానికి లెన్సు కావాలా? ఇది దేంతో తీసినావు?"

"జూమ్ లెన్సు. నాలుగో నంబరు."

"అదీ సంగతి!" అన్నాడు.

ఇక్కడ మీకో లెక్క చెప్పాలి. లెన్సు లోపల ఒక కిటికీ ఉంటుంది. నాలుగో నంబరంటే ఆ కిటికీ వెడల్పు లెన్సు పొడవులో నాలుగో వంతన్నమాట. మరి నాలుగో వంతు పెద్దదా, సగం పెద్దదా? సగం. అందుకే ఇక్కడ నంబరు చిన్నదయ్యేకొద్దీ కిటికీ పెద్దది. ఒకటి పాయింట్ నాలుగు నంబరు లెన్సు నాలుగో నంబరు దానికంటే ఎనిమిది రెట్లు వెలుగు మింగుతుంది. అంటే ఇరవయ్యైదు సెకన్ల పని మూడు సెకన్లలో అయిపోతుంది. కెమెరాలో సున్నితత్వం కాస్త పెంచి, నిండు వెన్నెల కూడా తోడైతే సెకనులో పావు వంతు చాలు. ఇంత పెద్ద కిటికీ జూమ్ లెన్సులకి పెట్టడం కష్టం. ప్రైమ్ లెన్సులనేవి ఉంటాయి. వాటిలో దగ్గరకీ దూరానికీ తిప్పే పనుండదు. ముందుకెళ్లాలన్నా వెనక్కెళ్లాలన్నా నీ కాళ్లే.

అప్పన్న నాలుగు లెన్సులు బల్ల మీద పెట్టాడు. పొడవు ఎన్ని మిల్లీమీటర్లో అదే ఒక్కోదాని పేరు.

"ఈ పద్నాలుగు చూడు. కొండంతా పడతాది, కానీ నీ ఆడది చీమంత అవుతాది. పైగా నంబరు రెండు పాయింట్ ఎనిమిది, ఈ పనికి చాలదు. ఈ యాభై ఉంది, వెలుగు బాగా తాగుతాది, చవక కూడా. కానీ బండా బాటా రెండూ పట్టాలంటే బాగా వెనక్కి జరగాలి. నీ వెనకాల ఏటుంది?"

"లోయ."

"అయితే అది వద్దు. ముప్పయ్యైదు మంచిదే, కానీ బాట తెగిపోతాది. ఇదిగో, ఇరవై నాలుగు, ఒకటి పాయింట్ నాలుగు. ఆరడుగుల దూరంలో నిలబడ్డా బండ, బాట, మనిషి — అన్నీ పడతాయి. కానీ కిటికీ మొత్తం తెరిస్తే మూలల్లో చుక్కలు సాగిపోయి రెక్కలు మొలిచినట్టుంటాయి. నీకు మూలల్లో చుక్కలు కావాలా, నడుమ మనిషి కావాలా?"

"మనిషే. మొహంతో సహా."

"అయితే పట్టుకుపో. ఫోకసు పొద్దుండగానే సరిచూసుకుని, ఆ రింగు కదలకుండా టేపు వేసీ. ఇంత పెద్ద కిటికీతో జానెడు అటూ ఇటూ అయితే మొహం మైనంలా కరిగిపోతాది." లెన్సు సంచీలో పెడుతూ ఆ ఫొటో వంక మళ్లీ చూశాడు. "ఒక మాటమ్మా... ఇరవయ్యైదు సెకన్లలో కదలకుండా ఉన్నదే నిలిచింది. కదిలినవి ఏటున్నాయో నీ పాత లెన్సుకి తెలీదు."

కోపంలో ఉన్నవాళ్ల చెవులకి ఇలాంటి మాటలు ఎక్కవు. ఎక్కలేదు.

పౌర్ణమికి రెండ్రోజుల ముందు మళ్లీ అదే జీపు, అదే రవిబాబు.

"ఏటి మేడమ్, మళ్లీ అక్కడికేనా? నాను జీపు దిగను గాక దిగను."

"నువ్వు దిగక్కర్లేదు. కొండ నేనెక్కుతాను."

పొద్దుండగానే ఫోకసు చూసుకుని, రింగుకి టేపు వేసి, పొద చాటున కెమెరా నిలబెట్టి, నల్లదుప్పటి నెత్తి మీంచి కప్పుకుని కూర్చుంది. చేతిలో ఫొటో తీసే మీట. ఈసారి నిద్రపోయేది లేదు.

పది అయింది. పదకొండు. మంచు పొదల మీదికి దిగుతోంది. పన్నెండు దాటింది.

కొండ మీద... ఒక చుక్క వెలుగు.

అది ఊగుతోంది. మలుపు తిరిగినప్పుడు మాయమై, మళ్లీ కనిపిస్తోంది. దిగుతోంది. దగ్గరకొస్తోంది. వెలుగు బండ దాకా వచ్చి — ఆరిపోయింది.

అప్పుడు వినిపించింది. మూలుగు. పళ్ల సందుల్లోంచి వచ్చే, పొడుగాటి, ఆడమనిషి మూలుగు.

తలెత్తి చూసే ధైర్యం లేదు. కళ్లు గట్టిగా మూసుకుని మీట నొక్కింది. టిక్. ఇంకోసారి. టిక్. కళ్లు తెరిచి, ఎదురుగా ఉన్నదాన్ని కాక, కెమెరా వెనకున్న చిన్న తెరను చూసింది.

తెర మీద ఆరుగురున్నారు.

నలుగురు మగవాళ్లు. చెమటతో మెరిసే మొహాలు. ఒకడు కుడి భుజం మీద కాయగాసిన చోట అరచేత్తో రుద్దుకుంటున్నాడు. వెదురు బొంగు. ఆ బొంగుకి వేలాడదీసిన తెల్లదుప్పటి ఉయ్యాల. డోలీ! అందులోంచి దించి బండకి ఆనించిన ఒక నిండు గర్భిణి. పక్కన ఆమె తల పట్టుకున్న ఒక ముసలమ్మ.

సాయిదుర్గ లేచి నిలబడింది. అంతే, అటునుంచి కేక!

"ఎవులది? మనిసివా, ఏటి? కాళ్లు... కాళ్లు సూపించు ముందు!"

దయ్యం పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయంటారు కదా. నల్లదుప్పటి ముసుగుతో పొదలోంచి లేచిన దాన్ని చూసి వాళ్ల పైప్రాణాలు పైనే పోయాయి. ఆ పిల్ల గబగబా చెప్పులు విడిచి పాదాలు వెన్నెల్లోకి పెట్టింది. కాయగాసిన భుజం వాడు వంగి మరీ చూశాడు.

"మనిసే," అన్నాడు. అతని పేరు బుధు. "తప్పుకో అమ్మా. బుజం మార్సుకోడానికి ఆగినాం. నా తమ్ముడి పెళ్లాం. పొద్దుట్నుంచి నొప్పులు."

"ఎప్పుడూ ఇక్కడే ఆగుతారా?"

"మరెక్కడాగుతాం? పైనుంచి ఇక్కడిదాకా దింపుకోడానికి చోటేదీ? టార్చి చార్జింగు అయిపోద్దని ఆర్పుకుంటాం. మా ఊరికి రోడ్డు కాగితంలో వచ్చేసిందంట. కొండ మీదికి మాత్రం రాలేదు."

బండ మీద ఆమె మళ్లీ మూలిగింది. సాయిదుర్గ కెమెరా అక్కడే వదిలేసి, "రవీ! జీపు తిప్పు! రవీ!" అని అరుచుకుంటూ కిందికి పరిగెత్తింది.

నలభై నిమిషాల్లో ఆసుపత్రికి చేరారు. తెల్లవారుజామున ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా, రెండు ప్రాణాలూ దక్కాయి. నిట్టూర్చకండి, కథ ఇంకా అయిపోలేదు.

ఆసుపత్రి అరుగు మీద సిగ్నలు వచ్చి సాయిదుర్గ ఫోను మోగింది. ధర్మతేజ. "దెయ్యం దొరికిందా మేడమ్?" ఆ పిల్ల ఒళ్లు మండిపోయింది. దొరికింది, మొహాలతో సహా దొరికింది అని రాయబోయి... ఆగింది. ఏదో తట్టింది. జనవరి ఫొటో తెరిచి బుధు ముందు పెట్టింది.

"మీ ఊళ్లో సిగ్నలు లేదు, మీరు చూసుండరు. ఈవిడెవరో తెలుసా?"

బుధు ఫోను రెండు చేతులా అందుకున్నాడు. బొటనవేలితో తెర మీద మంచు తుడిచినట్టు తుడిచాడు.

"కనక," అన్నాడు. "నా ఇల్లాలు."

"మేమంతా ఉన్నాం కదా ఆ రేత్రి. నాను నీళ్లు పట్టినాను, మా తమ్ముడు బొంగు సరిసేత్తన్నాడు. మేమేరి?"

"మీరు కదిలారు. ఆవిడ... కదల్లేదు."

"కదలడానికి ఓపికేదీ? జొరం." ఇంకా ఫోను వంకే చూస్తున్నాడు. "అప్పటికి బతికే ఉంది. నీళ్లడిగింది. మెయిన్ రోడ్డెక్కేసరికి అయిపోయింది."

లోపల పసిపిల్ల ఏడుస్తోంది. టీ గ్లాసులు పట్టుకొచ్చిన రవిబాబు మెట్ల దగ్గరే నిలబడిపోయాడు.

"ఆ రేత్రి కూడా తోట కాడ జీపొకటుంది," అన్నాడు బుధు మెల్లగా. "అద్దం తట్టినాను. మూడు పాలి తట్టినాను. లోపల మనుసులున్నారు, దుప్పట్లు కప్పుకుని. లెగలేదు."

సాయిదుర్గ రవిబాబు వంక చూసింది. అతను ముందుకొచ్చి ఒక గ్లాసు బుధు పక్కన పెట్టాడు.

"ఇన్నాను మేడమ్," అన్నాడు. "మూలుగూ ఇన్నాను, తట్టడమూ ఇన్నాను. దెయ్యమే అనుకున్నాను. కళ్లు మూసుకుని దేవుడి పేరు సెప్పుకున్నాను."

బుధు గ్లాసు అందుకుని, ఆ ఫోను ఒళ్లోనే పెట్టుకుని, టీ తాగాడు.

...అదీ సంగతి.

ఏమిటే వెన్నెలా, ఏమంటున్నావు? "అయితే దెయ్యాలు లేవా అమ్మమ్మా" అనా?

లేవని ఎవరన్నారు? ఆ రాత్రి జీపులో రెండున్నాయి. అద్దాలెత్తుకుని పడుకున్నాయి.

లేవండి, లేవండి, జరగండి. చోళ్లు, అదే రాగులు, సగం చెరిగి పెరట్లో చేట అలాగే వదిలేసి వచ్చాను. మంచు పడితే నెమ్ముతాయి.