తలకిందుల గొడుగులు

గొడవ పరదా దగ్గర మొదలైంది. దీవుల్లో సగం రోజు బస్సు దూరమున్న రంగత్‌లో చుట్టాలింటికి వెళ్లొచ్చిన శారదాదేవి, షాదీపూర్‌లో తమ హాలు కిటికీకి కొత్త పరదా కట్టింది. ఆకుపచ్చ గుడ్డ మీద పసుపు గొడుగులు, అన్నీ తలకిందులుగా. కోడలు సింధూరి చెప్పులైనా విడవకుండా దాన్ని తీసేయమంది.

“అచ్చు తప్పిన తాను, కొట్టువాడు సస్తాలో సగం ధరకే ఇచ్చాడు. తలకిందులైతే ఏటి? వాన నీళ్లు పడతాయి. నీళ్లు రాని ఈ ఊరికి అవే కావాలి,” అంది శారదాదేవి.

భర్త మనోజ్ నవ్వాడు. సింధూరి నవ్వలేకపోయింది.

ఇంట్లోవాళ్ల లెక్కలో ఆమెది స్టాటిస్టిక్స్ ఆఫీసు. నిజానికి ఆమె సీక్రెట్ ఏజెంట్. పిల్లల మీద జరిగే అఘాయిత్యాలను ఫొటోలుగా అమ్ముకునే విదేశీ ముఠాను వెతుకుతోంది. ముఠా ఫొటోలో పిల్లను చెరిపేసి, వెనకున్న కిటికీని మాత్రం అనలిస్టులు ఆమెకిచ్చారు. దానికీ ఇవే గొడుగులు. రోజూ ఏం చూసొస్తుందో ఎవరికీ చెప్పుకోలేదు. ఇప్పుడది ఇంట్లోకే వచ్చి వేలాడుతోంది.

ఆ గుడ్డ ఇంకెవరు కొన్నారని అత్తగారిని తేలిగ్గా అడిగినట్టు అడిగింది. రంగత్‌లో నాగబాబు బట్టల కొట్లో ఇంకొక్కరేనట, అక్కడే ఉండి రీసెర్చి చేసే దొరసాని.

వెరోనికా. కోడ్‌నేమ్ పగడం. నేరస్థుల మీద పరిశోధకురాలిగా వచ్చి, ఏజెన్సీకి చిల్లర దొంగలను పట్టిచ్చి నమ్మకం సంపాదించిన అందగత్తె. ముఠా సర్వర్ బ్యాంకాక్‌లో ఉందని చెప్పి దారి తప్పించిందీ ఆమే.

చీఫ్ వెంకటాచలం ఫోన్లో ముక్తసరిగా చెప్పాడు. “రేపు సాయంత్రం ఫొటోల స్టాకంతా అప్‌లోడ్ చేస్తారని వాళ్ల మెసేజ్ ఒకటి ఇంటర్‌సెప్ట్‌లో దొరికింది. ఒకసారి బయటికి పోతే ఆ పిల్ల బతికినన్నాళ్లూ ఎవడో ఒకడు చూస్తూనే ఉంటాడు. ఆపు.”

మర్నాడు సింధూరి పరదాలు కుట్టే మనిషిగా రంగత్‌లో వెరోనికా ఇంటి తలుపు తట్టింది. చేతిలో కొలతల టేపు, టేపు డబ్బాలో నెట్ సిగ్నల్‌ని ఆపేసే జామర్. వెరోనికా సిల్కు గౌనులో, లాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. ఒక్క చూపులో పోల్చుకుంది.

“చూసే ప్రతివాడూ పిల్లల జోలికి పోడు, ఏజెంట్. స్టడీస్ ఉన్నాయి.”

“పోనివాళ్లూ ఉన్నారు, పోయేవాళ్లూ ఉన్నారు. ఎవరు ఎటో ముందే చెప్పే స్టడీ లేదు. అయినా ఆ ఫొటోలను నిషేధించే చట్టం అందుకొక్కదానికే రాలేదు. ఆ ఫొటో కోసమే ఒక పిల్లను నలిపారు. చూసిన ప్రతిసారీ మళ్లీ నలుపుతున్నారు.”

“ఆలస్యమైంది,” అంటూ వెరోనికా మీట నొక్కింది. సింధూరి టేపు చివర లాగింది. స్క్రీన్ మీద అప్‌లోడ్ గీత మొదటి గడి దాటకుండానే ఆగిపోయింది. బయట కాచుకున్న టీమ్ లోపలికొచ్చింది.

వెనక గదిలో పిల్ల గోడకి అంటుకుపోయి కూర్చుంది.

“దీదీ, నువ్వూ ఫొటో తీస్తావా?”

సింధూరి ఫోను సంచిలో పడేసింది. “తియ్యను. తీసినవి ఇంకెవరూ చూడకుండా ఆపాను.”

పిల్లను సంరక్షణ అధికారిణి తీసుకెళ్లింది. తిరుగు బస్సులో సింధూరి పక్క సీటు ఖాళీగానే ఉంది. దారి పొడవునా అడవి.

ఆదివారం మధ్యాహ్నం అందరూ భోజనాలకి కూర్చున్నారు. ఆఫీసు టూరు బాగా జరిగిందా అని మనోజ్ అడిగితే, లెక్కలు తేలాయంది. శారదాదేవి చేపల పులుసు వడ్డిస్తూ తన నిర్ణయం ప్రకటించింది.

“ఆలోచించాను. మిగతా గదులకీ అదే గుడ్డ. రేపే నాగబాబుకి ఫోన్ చేస్తాను.”

ఆ తాను మొత్తం నిన్ననే సాక్ష్యంగా సీలు పడిందని సింధూరి చెప్పలేదు. ఇంకొంచెం పులుసు వేయమంది.